వెంట్రుకవాసి బిగువు

ఆ వీధిలో ఆయన్ను అందరూ టైటన్న అంటారు. ఆయన చుక్క ముట్టడు. ఆయన ఉంగరాలు చేసే లోహం టైటానియం, ఆ మాట వీధి నోటికి పట్టలేదు. మొదట టైటానన్న అన్నారు. వాడగా వాడగా అదీ అరిగి టైటన్న మిగిలింది. కొత్తవాళ్ళు ఆ పేరు విని ఆయన నడక వైపు చూస్తారు. తూలడం కనబడదు. పక్క కొట్టులో వెండికి మెరుగు పెట్టే ముసలాయన వాళ్ళకు సర్దిచెబుతాడు.

"తాగి కాదు బాబూ. మనిషి తీరే అంత. ఒక పట్టాన ఊడి రాడు."

దుకాణం ఇంటి కింది భాగంలో ఉంది. సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది. వీధి వైపు వెలుతురు ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ పగలు కూడా దీపం కావాలి. మొదట్లో వెలుతురున్న బల్ల అంతా అన్నగారిది. ఆయన బంగారం తప్ప మరొకటి ముట్టడు. వెనక చీకట్లో తమ్ముడు టైటన్న బల్ల, లోహాన్ని తిప్పి తొలిచే చిన్న లేతు యంత్రం. మధ్యలో కిటికీ కింద పీట వేసుకుని వదిన కూర్చుంటుంది. ఆమె ముత్యాలు గుచ్చుతుంది. ముత్యానికీ ముత్యానికీ నడుమ దారానికి ముడి వేస్తుంది. ముడి ముత్యాన్ని ఆనుకుందో లేదో అప్పట్లో కంటితో చూసేది కాదు. ఎడమచేతి ఉంగరపు వేలి కొనతో తడిమి తెలుసుకునేది. అందువల్ల చేతిలో పని ఉండగానే వీధిలో పోయేవాళ్ళతో కబుర్లాడగలిగేది.

అన్నకు పెళ్ళయ్యేనాటికి టైటన్నకు నిక్కరు బొత్తాలు పెట్టుకోవడం రాదు. తల్లి అప్పటికే లేదు. కొత్త పెళ్ళికూతురు వచ్చిన మర్నాడే ఆ బొత్తాలు పెట్టవలసి వచ్చింది. ఆకలేస్తే వదిన. జ్వరమొస్తే వదిన. అన్న చెయ్యెత్తితే వదిన చీరచాటు. ఆమెకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఉన్నాడుగా ఒకడు, వాడి అల్లరి చాలదా?" అనేది. పెరిగి పెద్దవాడైనా ఆయన పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "టంకం పట్టలేదు" అనేవాడు.

టంకం అంటే బంగారాన్ని బంగారంతో అతికేది. తీగను గుండ్రంగా వంచి, రెండు కొనలూ కలిపి, వెలిగారం పూసి, టంకం ముక్క పెట్టి మంట ఊదితే ఉంగరం అవుతుంది. అతుకు కనబడకుండా ఆకురాయితో రుద్దడంలోనే పనితనం. అన్న తమ్ముడికి మొదట నేర్పింది అదే. దానితోపాటు ఒక సూత్రం చెప్పాడు.

"ఉంగరాన్ని ఎప్పుడూ వెంట్రుకవాసి బిగువుగా చెయ్యరా. పెంచాలంటే కొలత కడ్డీకి తొడిగి ఒక్క దెబ్బ. తగ్గించాలంటే అతుకు కోసి, ముక్క తీసి, మళ్ళీ అతకాలి. ఒక దెబ్బ మేలా, ఒక పూట మేలా?"

ఆ సూత్రం టైటన్న చెవిలోంచి చేతిలోకి దిగింది. చేతిలోకి దిగినదాన్ని మనిషి మరిచిపోతాడు. చెయ్యి మరిచిపోదు.

టైటానియం ఆయన దగ్గరకు పాత సామాన్ల వాడి బస్తాలో వచ్చింది. ఎక్కడో విరిగిన ఎముకలకు వేసే పలకలు తయారుచేసే చోట మిగిలిన కడ్డీ ముక్కలు. పాత సామాన్లవాడికి వాటితో విసుగెత్తింది.

"ఇనుము కాదు, అయస్కాంతానికి అంటదు. వెండి కాదు, మెరవదు. తూకానికి తూగదు. తీసుకుపో, నీకు పుణ్యముంటుంది."

టైటన్న ఒక ముక్కను కుంపట్లో కాల్చి చూశాడు. బూడిదరంగు ముక్క తేనెరంగుకు తిరిగింది. తరవాత ఊదా. తరవాత నీలం. ఆ నీలం చూసి ఆయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. దాని పక్కన బంగారం గీత ఒకటి ఉంటే ఎలా ఉంటుందో కళ్ళకు కట్టింది. టంకం పెట్టి ఊదాడు. టంకం చెమటబొట్టులా నిలిచి, జారి కింద పడింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ జారింది.

అన్న తల తిప్పకుండానే అన్నాడు. "అది మన చుట్టం కాదురా. పిలిచినా రాదు."

ఆ మాటతో ఆయనకు పట్టుదల వచ్చింది. కొన్నేళ్ళు దానితోనే గడిచాయి. రంపం పళ్ళు అరిగేవి. ఆకురాయి జారిపోయేది. ఒకసారి లేతు కింద పోగైన సన్నని పొట్టు అంటుకుని తెల్లగా మండింది. నీళ్ళు పోయబోతుంటే, కాలే లోహం మీద నీళ్ళు పడితే చిమ్ముతుందని వదిన గట్టిగా కేకేసి ఆపింది. ముగ్గు పెట్టుకునే సున్నపురాయి పిండి డబ్బాతో సహా తెచ్చి గుమ్మరించింది. "ఇంట్లో బంగారం కరుగుతుంటే చూశాను గానీ నేల మండడం ఇదే చూడటం" అంది. ఆమె నవ్వుతుంటే ఆయన కనుబొమలు కాలి ఉన్నాయి.

చివరకు దారి దొరికింది. అతకడం మానేశాడు. కడ్డీ ముక్కను లేతు మీద తొలిచి ఉంగరం చేశాడు. దాని నడుం చుట్టూ గాడి తీశాడు. గాడి నోరు చిన్నది, పొట్ట పెద్దది. ఆ నోట్లోకి మెత్తటి బంగారు తీగ పెట్టి చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. తీగ లోపలికి పోయి పొట్టలో వెడల్పైంది. ఇక బయటికి రాలేదు. మంట లేదు, టంకం లేదు. నీలం మీద బంగారపు గీత.

అన్న దాన్ని గీటురాయి మీద గీయబోయి ఆగాడు. బంగారం కొంచెమే ఉంది. "ఇనప పెళ్ళానికి బంగారం మొగుడు. కాపురం ఎన్నాళ్ళో" అన్నాడు. కానీ చాలాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు. తమ్ముడు అది గమనించి ధైర్యం చేశాడు.

"అన్నయ్యా, నీ ఉంగరానికి ఎంత రుద్దినా ఎక్కడో ఒకచోట అతుకు ఉంటుంది. దీనికి అతుకే లేదు."

అన్న ముఖం ముడుచుకుంది. "సరే. మీ వదినకొకటి చెయ్యి. రోజూ పనిచేసే చెయ్యి అది. దాని మీద నిలబడితే ఈ బల్లలో సగం నీది. వెలుతుర్లో కూర్చుందువు గాని."

అప్పుడు ఆయనకు కావలసింది ఆ సగం బల్లే.

వదిన తన పాత ఉంగరం తీసి ఇచ్చింది. అరిగి తీగలా అయిన బంగారు ఉంగరం. దాన్ని కడ్డీకి తొడిగి కొలత తీసుకున్నాడు. కొలత సరిగ్గానే తీసుకున్నాడు. లేతు దగ్గర నిలబడ్డాక చెయ్యి తనంతట తాను వెంట్రుకవాసి తగ్గించింది. అది బంగారం కాదన్న సంగతి చేతికి తెలియదు. పైగా పాత ఉంగరం సన్నది, ఇది వెడల్పుది. అదే కొలతలో వెడల్పు ఉంగరం ఇంకా బిగువుగా పడుతుంది. ఆ రెండు సంగతులూ ఉంగరం పూర్తయ్యాక, పాతదాని పక్కన పెట్టి చూసినప్పుడు, ఒకేసారి తెలిశాయి.

కడ్డీకి తొడిగి కొట్టాడు. కదల్లేదు. గట్టిగా కొట్టాడు. ఒకచోట బంగారు గీత పైకి లేచింది. భయపడి దాన్ని మళ్ళీ లోపలికి కొట్టేశాడు. లోపలి వైపు తొలుద్దామంటే గాడి వెనక గోడ కాగితమంత ఉంది. తొలిస్తే బంగారం వేలిలోకి పొడుచుకొస్తుంది. చేయవలసింది ఒక్కటే, మరో ఉంగరం చేయడం. ఆ మాట అన్నకు చెప్పాలి. కొలతే తప్పాడు, వీడికి బల్ల ఎందుకు అంటాడు అన్న. అనడం న్యాయమే.

పొద్దున దుకాణం తీశాక ముగ్గురూ కిటికీ దగ్గర చేరారు. వదిన ఎడమచేతి ఉంగరపు వేలు చాపింది. కణుపు దగ్గర ఉంగరం ఆగింది.

"వేసవి కదా, వేళ్ళు ఉబ్బుతాయి" అన్నాడు టైటన్న. "కాస్త సబ్బు రాయి వదినా."

సబ్బు రాసుకొచ్చింది. ఆయన తోశాడు. ఆమె పెదవి పళ్ళ కింద పెట్టుకుంది. ఉంగరం కణుపు దాటింది.

"బిగువుగా ఉందా?" అన్న అడిగాడు.

వదిన భర్త ముఖం చూడలేదు. మరిది ముఖం చూసింది. ఆ ముఖంలో ఆమెకు ఏం కనబడిందో గానీ, చెయ్యి వెలుతుర్లోకి ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"అతికినట్టుంది. ఎంత తేలికో. ఉన్నట్టే తెలియడం లేదు."

ఆ సాయంత్రమే అన్న తన పనిముట్లు ఒక పక్కకు జరుపుకున్నాడు.

వెలుతురులోకి వచ్చాక టైటన్న పని పదిమంది కంట పడింది. పెళ్ళిళ్ళకు జంట ఉంగరాలు అడిగేవాళ్ళు వచ్చారు. ఆయన రోజూ ఉదయం ఒక కడ్డీ ముక్క చేతిలోకి తీసుకుని, ఇది వదినకు అనుకునేవాడు. మధ్యాహ్నానికి అది ఎవరో పెళ్ళికొడుకు ఉంగరం అయ్యేది. రేపు చేద్దాం అనుకునేవాడు. రేపటికి రూపు లేదు అంటారు. ఒకసారి పెరట్లో కుళాయి కింద ఆమె ఎడమచెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడి ఉండటం చూశాడు. చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాడు. తరవాత నుంచి పెరట్లోకి వెళ్ళేముందు దగ్గడం అలవాటు చేసుకున్నాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆమె తడిసిన మెట్ల మీద జారింది. ఎడమచెయ్యి ఊని పడింది. మణికట్టు విరిగింది. ఆస్పత్రికి చేరేలోపు చెయ్యంతా ఉబ్బిపోయింది. ఉంగరం కండలో మునిగిపోయి, బంగారు గీత మాత్రం కనబడుతోంది. దానికి పైన వేలు వంకాయ రంగుకు తిరిగింది.

నర్సు ఉంగరాలు కోసే చిన్న చక్రం తెచ్చి తిప్పింది. బంగారు గీత తేలిగ్గా తెగింది. దాని కింద చక్రం కీచుమని జారింది. చక్రం మార్చింది. అదీ జారింది.

"ఇదేం ఉంగరమండీ బాబూ! చక్రం పళ్ళన్నీ రాలిపోయాయి. ఎవరు చేశారు దీన్ని?"

"నేనే" అన్నాడు టైటన్న.

"అయితే మీరే తీయండి."

డాక్టరు వచ్చి గోరు నొక్కి చూశాడు. తెల్లబడలేదు, ఎర్రబడలేదు. "రక్తం ఆడటం లేదు. ఇది తొందరగా రాకపోతే వేలు తీసేయాలి" అన్నాడు.

టైటన్న ఇంటికి పరుగెత్తి చేతిమోటారు, రాతిపొడి పట్టించిన పలుచని బిళ్ళ తెచ్చాడు. తిరిగి వచ్చేసరికి అన్న మంచం పక్కన నిలబడి ఆ వేలినే చూస్తున్నాడు. భయమేస్తే ఆయనకు కోపం వస్తుంది.

"ఒరేయ్, దీన్ని ఇంత బిగించి ఎందుకు చేశావురా? చేసేటప్పుడు కళ్ళు ఏమయ్యాయి?"

టైటన్న నోరు తెరిచాడు.

"వాణ్ణెందుకంటారు?" మంచం మీద నుంచి వదిన అంది. గొంతు సన్నగా ఉంది. "నేనే బిగువుగా చెయ్యమన్నాను. ముడి వేసేటప్పుడు తిరుగుతూ దారానికి అడ్డం పడుతుంటే."

"బుద్ధుందా నీకు? వయసొచ్చింది, ఏం లాభం? షోకు కోసం వేలు పోగొట్టుకుంటావా?" అన్న అరిచాడు. పక్క మంచం వాళ్ళు ఇటు తిరిగి చూశారు. "ఇంట్లో ముసలిదానివై కూర్చునే దానికి..."

ఆమె కళ్ళు మూసుకుంది. టైటన్న తెరిచిన నోరు మూసి, మోటారు తీగ గోడ ప్లగ్గుకు తగిలించాడు. వేలు ముందు, మాట తరవాత అనుకున్నాడు. ఆ క్షణానికి అది నిజమే. ఆ క్షణం దాటాక కూడా దాన్నే పట్టుకుని ఉండిపోయాడు.

ఆ లోహం వేడిని వదలదు. కోసినచోటే దాచుకుంటుంది. నర్సు నీళ్ళు చుక్కలుగా వదులుతూ ఉంటే, బిళ్ళను ఆనించి, తీసి, ఆనించి, తీసి కోశాడు. వేలికీ ఉంగరానికీ మధ్య రేకు దూర్చడానికి సందు లేదు. ఆఖరి పొర దగ్గర ఎంత జాగ్రత్త పడినా తోలు కాలిన వాసన వచ్చింది. ఆమె మూలగలేదు. అవతలి వైపు కూడా కోయవలసి వచ్చింది, బంగారంలా వంగి విచ్చుకోదు కాబట్టి. రెండు పటకార్లతో విరిస్తే టప్పుమని రెండు ముక్కలై పళ్ళెంలో పడింది.

ముక్కలు తీసి చూశాడు. కోసిన అంచులో గాడి, గాడిలో బంగారం, నోరు చిన్నగా పొట్ట పెద్దగా, స్పష్టంగా కనబడింది. ఇంత జరిగినా తీగ ఎక్కడా వదల్లేదు. పని బాగా కుదిరింది అనుకున్నాడు. మంచం మీద ఆమె వేలు కాలి ఉంది. ఆయనకు ముందు కలిగింది ఆ మెప్పు. సిగ్గు దాని వెనక వచ్చింది. ఆ వరస ఆయన ఎన్నడూ మరిచిపోలేదు.

వేలు దక్కింది. మణికట్టు అతుక్కుంది. వదిన మళ్ళీ కిటికీ కిందికి వచ్చింది. కానీ ముడిని ఇప్పుడు కంటితో చూస్తోంది. తల వంచి, దారం వెలుతురుకు పట్టి, ఒక్కో ముడీ చూస్తుంది. వీధిలో ఎవరైనా పలకరిస్తే పని ఆపి మాట్లాడుతుంది, లేదా మాట ఆపి పని చేస్తుంది.

టైటన్న కొంతకాలం ఆ లోహం ముట్టలేదు. తరవాత వేరే రకం ఉంగరం చేశాడు. ఉంగరాన్ని ఒకచోట పూర్తిగా కోసి, ఆ సందులో బంగారపు ముక్క బిగిస్తాడు, గాడిలో తీగ బిగించిన పద్ధతిలోనే. వేలు ఉబ్బితే ఏ ఆస్పత్రి చక్రమైనా ఆ బంగారాన్ని కోసేస్తుంది. ఆయన దాన్ని సిగ్గుతో చేశాడు. జనానికి అది అందంగా కనబడింది. నీలం ఉంగరంలో నిలువుగా బంగారపు తలుపు. తలుపు ఉంగరం అని పేరు పెట్టుకుని అడగసాగారు. దూరం నుంచి వచ్చారు. ఒక దెబ్బతో పేరొస్తుందంటారు గానీ, ఆ దెబ్బ ఎవరికి తగిలిందో ఎవరూ అడగరు.

అన్నకు ఆ ఉంగరం వెనక కథ చెప్పడం సరదా అయింది. ఆయన మనసులో ఆ రోజు భయం పోయి నవ్వు మిగిలింది.

"ఈ తలుపు ఎలా పుట్టిందో తెలుసా? మా ఆవిడ షోకు వల్ల. ఊడిపోకూడదని బిగించి చేయించుకుంది. ఆఖరుకు మా తమ్ముడు గోడలు కోసే మిషను తెచ్చినంత పని చేశాడు."

వచ్చినవాళ్ళు నవ్వేవారు. వదిన కూడా నవ్వేది. టైటన్న సుత్తి దెబ్బ ఆ కాసేపు గట్టిపడేది. ఆ నవ్వు ఒక్కసారైతే మింగుడుపడేది. అది రోజూ వినవలసి వచ్చింది. ఆమె పేరు చెప్పి సరుకు అమ్ముతున్నారు. అమ్మేది అన్న. అమ్ముడుపోయేది తన పనితనం. నవ్వులపాలయ్యేది ఆమె.

ఒక ఉదయం పెళ్ళి కుదిరిన జంట వచ్చింది. అన్న ఎప్పటిలాగే కథ మొదలుపెట్టాడు. ముక్తాయింపు దగ్గర అమ్మాయి పకపక నవ్వి కిటికీ వైపు తిరిగింది.

"ఎందుకాంటీ అంత టైటుగా చేయించుకున్నారు? అంకుల్ మీద అనుమానమా?"

"నాకేం తెలుసమ్మా" వదిన దారం మీద నుంచి తల ఎత్తకుండా నవ్వింది. "బుద్ధి గడ్డి తింది."

టైటన్న సుత్తి కింద పెట్టాడు.

"ఆవిడ అడగలేదమ్మా" అన్నాడు. "బిగువుగా చేసింది నేను. కొలత తప్పాను. తప్పినట్టు తొడగకముందే తెలుసు. సబ్బు రాసి తోశాను."

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. అమ్మాయి చేతిలోని ఉంగరం బల్ల మీద పెట్టేసింది. మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా అన్న వాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

"నిజమేనా?" అన్నాడు భార్యతో.

"ఊఁ."

"ఆస్పత్రిలో అంతమంది ముందు నిన్ను తిట్టాను కదే."

"తిట్టారు."

"అప్పుడు చెప్పొచ్చు కదా."

"మీరు తిడితే నాకు అలవాటే. వాణ్ణి తిడితే వాడు బల్ల వదిలేసి పోతాడు. పోతే మళ్ళీ రాడు. వాడి సంగతి మీకు తెలీదు, నాకు తెలుసు."

"ఇన్నాళ్ళుగా రోజూ చెప్పుకుంటున్నాను. వచ్చినవాడికల్లా చెప్పాను. నువ్వు పక్కనే కూర్చుని నవ్వావు."

"నవ్వకపోతే మీరు ఆగి అడుగుతారు. అడిగితే ఏం చెప్పను?"

అన్న తమ్ముడి వైపు చూశాడు. బల్ల మీద తన పనిముట్లు కాసేపు సర్దాడు, సర్ది ఉన్నవాటినే. ఆ తరవాత చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి వెళ్ళిపోయాడు.

దుకాణంలో ఇద్దరే మిగిలారు.

"వదినా..."

"ఆగు." ఆమె గొంతు కొత్తగా ఉంది. ఆయన ఆ గొంతు చిన్నప్పుడు కూడా వినలేదు. "ఇప్పుడెందుకు చెప్పావు?"

"వినలేకపోయాను. నిన్ను చూసి నవ్వుతుంటే."

"నన్ను చూసి నవ్వితే నేను ఓర్చుకున్నాను. నువ్వు ఓర్చుకోలేకపోయావా?" సూది పక్కన పెట్టింది. "తప్పు నీది. నేను కప్పాను. కప్పమని నువ్వు అడగలేదు, సరే. ఆస్పత్రిలోనే నిజం చెప్పి ఉంటే నా బిడ్డ అనుకునేదాన్ని. ఇంటికొచ్చాక చెప్పినా అనుకునేదాన్ని. ఇన్నాళ్ళు నా నీడన కూర్చుని, ఇవాళ ఎవరో దారినపోయే పిల్ల ముందు విప్పావు. నీ గుండె తేలికైంది. ఆయన ముందు నా మాట పోయింది. రేపు కూరలో ఉప్పు వేశానన్నా నమ్మరు."

"తప్పే వదినా."

"తప్పే అంటే సరిపోయిందా? ఎటు తిరిగినా నీకు ఒక మాట దొరుకుతుంది."

ఆయన లేతు వైపు ఒక అడుగు వేసి ఆగాడు. బయట వెండి ముసలాయన ఎవరినో వేళాకోళం చేస్తున్నాడు.

"ఇలా రా" అంది ఆమె.

వెళ్ళాడు. ఆమె ఎడమచెయ్యి పీట మీద బోర్లా పెట్టింది. అన్నేళ్ళలో ఆ చేతిని ఆయన సూటిగా చూడలేదు. ఆయన దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె పని ఆపి దాన్ని ఒళ్ళో, కొంగు కింద ఉంచుకునేది. ఇద్దరూ అనుకోకుండానే అలా ఒప్పందం కుదిరింది.

"చూడు. నువ్వు బాధపడతావని దాచాను. ఇక నా వల్ల కాదు. చూడు."

చూశాడు. ఉంగరపు వేలి మొదట్లో చుట్టూ నొక్కు ఉంది, ఇంకా ఏదో తొడుక్కున్నట్టు. రెండు పక్కలా కోసినచోట తెల్లటి చారలు. ఒక చార పక్కన కాలిన తోలు మెరుస్తూ, ముడతలు పడి ఉంది. వేలి కొన మిగతావాటికన్నా సన్నబడింది. గోరు ఒకవైపు ఒరిగి పెరిగింది. పనివాడి కన్ను కాబట్టి ఆయనకు ఒక్కొక్కటీ విడిగా కనబడింది. తల తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"ముట్టుకో" అంది.

బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఆ వేలి కొన పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ముత్యాన్ని పట్టుకున్నంత మెల్లగా నొక్కాడు. తరవాత కొంచెం గట్టిగా నొక్కాడు.

"తెలుస్తోందా వదినా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"లేదు" అంది.